జాలి ఎక్కాక మూత తీయలేం: మేడ మీద కీరదోసకు నీళ్ల టబ్బు

మట్టి లేకుండా, ఎరువు కలిపిన నీటిలోనే వేళ్లు పెరిగేలా మా మేడ మీద పెట్టిన మొదటి టబ్బులో కీరదోస తీగ నెల రోజులకే తల ఎత్తు దాటి, పక్కన నిలబెట్టిన జాలి (తీగ పాకే వల) పట్టుకుంది. చూడముచ్చటగా ఉంది. నీళ్లు మార్చాల్సిన రోజు వచ్చింది. కుండీలు మూతకే బిగించి ఉన్నాయి కాబట్టి మూత లేపాలి. మూత లేపితే మొక్క మొదలు పైకి లేస్తుంది, తీగేమో నులితీగలతో జాలిని గట్టిగా పట్టుకుని ఉంది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని నాలుగు అంగుళాలు లేపామో లేదో, టప్పుమని మొదలు దగ్గర విరిగింది. పిందెలతో సహా మొక్క మొత్తం రెండు రోజుల్లో వాడిపోయింది.

టబ్బు బాగానే ఉంది, జాలీ బాగానే ఉంది. రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయని నాకు తట్టలేదు, అంతే. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ప్రతి పనికీ వెనక ఒకటే షరతు ఉంటుంది: నారు పెట్టిన రోజు మూసిన మూత, పంట అయిపోయే దాకా తెరవకూడదు. నీళ్లు పోయడం, తీసేయడం, మట్టం చూడడం, నీటిలో బుడగలు వదిలే గాలి రాయి మార్చడం, ఎండాకాలం చల్లబరచడం అన్నీ మూత తీయకుండానే జరగాలి.

ముందు చోటు, కాలం

మొదటిసారి చేసేవాళ్లు దసరా వెళ్లాక నారు పోసుకోండి. డిసెంబరు మొదట్లో కోత మొదలై సంక్రాంతి దాకా కాయలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు టబ్బులో నీళ్లు వేడెక్కి వేళ్లు కుళ్లిపోతాయి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. పైగా వేడి నీటిలో వేళ్లకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి, కుళ్లు తెచ్చే పిథియం లాంటి తెగుళ్లకూ అదే వేడి అనుకూలం. కాబట్టి మొదటి టబ్బును వేసవిలో పెట్టి, వేళ్లు కుళ్లాయని బెంగపడకండి.

ఉత్తరం వైపు పిట్టగోడ దగ్గర పెడితే, జాలి దక్షిణానికి ముఖం పెట్టి నిలబడుతుంది, రోజంతా వెలుతురు పడుతుంది. 50 లీటర్ల నీళ్లంటే 50 కిలోలు. శ్లాబు మధ్యలో కాకుండా గోడకు దగ్గరగా, వీలైతే కింద దూలం ఉన్న చోట పెట్టండి. నాలుగు ఇటుకల మీద చిన్న కడప బండ పరిచి, దాని మీద టబ్బు పెడితే కుళాయి కింద బకెట్ పెట్టుకునే ఎత్తు వస్తుంది. ఇటుకల మీద నేరుగా పెడితే టబ్బు అడుగు ఇటుకల మధ్య కిందికి కుంగుతుంది. ఇది కూడా చేసి చూసిందే.

టబ్బు

60 నుంచి 80 లీటర్ల టబ్బు, మందంగా ఉండాలి, మూత గట్టిగా పట్టాలి, లోతు కనీసం 14 అంగుళాలు. బట్టలు దాచుకునే పల్చటి పారదర్శక డబ్బాలు వద్దు. నీళ్లు నింపగానే పక్కలు ఉబ్బుతాయి, ఏడాది ఎండకు పెంకుల్లా పగులుతాయి. పాత రసాయనాల డ్రమ్ములు చవగ్గా దొరికినా ముట్టుకోకండి. ఆ నీటి కాయలే మనం తినేది.

టబ్బులోకి వెలుతురు పోకూడదు. ఎరువు కలిసిన నీటికి వెలుతురు తోడైతే వారంలో పచ్చటి నాచు పడుతుంది. రాత్రి లైట్లు ఆపి, ఫోన్ టార్చి వెలిగించి టబ్బులో పెట్టి, మూత పెట్టి చూడండి. ఎక్కడైనా మెరుపు కనిపిస్తే బయటి వైపు ముందు నల్ల పెయింటు, అది ఆరాక తెల్ల పెయింటు వేయండి. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు ఎండను తిప్పికొడుతుంది. లోపలి వైపు మాత్రం పెయింటు వేయొద్దు.

ఇక మూతకు మూడు రంధ్రాలు. రెండు మొక్కలకు, ఒకటి మనకు.

మొక్కల రంధ్రాలు జాలి వైపు అంచుకు దగ్గరగా, ఒకదానికొకటి ఒకటిన్నర అడుగుల దూరంలో పెట్టండి. మూడంగుళాల జాలీ కుండీలు (వేళ్లు బయటికి వచ్చేలా చుట్టూ సందులున్న ప్లాస్టిక్ కుండీలు) అంచు పట్టి ఆగేంత కొలత ఉండాలి. హోల్ సా బిట్టు ఉన్న ప్లంబర్ చేత చేయిస్తే అయిదు నిమిషాల పని. మూత పెద్దదే కదా అని మూడో మొక్కకు ఆశపడకండి. కాపు మీదున్న కీరదోస మొక్క ఎండ రోజున రెండు, మూడు లీటర్ల నీళ్లు తాగేస్తుంది. మూడు మొక్కలుంటే ఊరెళ్లి రెండు రోజుల తర్వాత వచ్చేసరికి టబ్బులో మూడో వంతు దాకా ఖాళీ అవుతుంది.

మూడో రంధ్రం మీకు దగ్గరగా ఉండే అంచున, నాలుగంగుళాల పీవీసీ పైపు పట్టేంత. అందులో అడుగు పొడవు పైపు ముక్కను మూత కింద రెండు అంగుళాలు దిగేలా దూర్చి, చుట్టూ ఎం-సీల్ పెట్టండి. పైన ఎండ్ క్యాప్ ఊరికే తొడగండి, అంటించొద్దు. దీన్ని మా ఇంట్లో ‘కిటికీ’ అంటాం. నీళ్లు పోసేది ఇందులోంచే, ఎరువు కలిపేది, మీటరు ముంచేది, గాలి రాయిని పైకి లాగేది కూడా ఇందులోంచే. రెండంగుళాల పైపు చాలదా అంటే నీళ్లు పోయడానికి చాలు. కానీ వేసవిలో లీటరు బాటిల్ గడ్డకట్టించి లోపలికి వేయాలంటే నాలుగంగుళాలు ఉండాల్సిందే.

నీటి మట్టం చూడడానికి పారదర్శక ట్యూబు పెట్టమంటారు చాలామంది. దాన్లోనే ముందు నాచు పడుతుంది. అంతకన్నా సులువు చీపురు పుల్ల. ఎండ్ క్యాప్ మధ్యలో సన్నటి రంధ్రం చేసి, పొడవైన పుల్ల కొసకు నిమ్మకాయంత థర్మోకోల్ ముక్క గుచ్చి, పుల్లను ఆ రంధ్రంలోంచి పైకి తీయండి. నీళ్లు పెరిగితే పుల్ల పైకి వస్తుంది, తగ్గితే దిగుతుంది. పుల్ల మీద మార్కర్‌తో ‘నిండు’, ‘సగం’ గీతలు పెట్టుకుంటే మేడ మెట్ల దగ్గర నుంచే తెలిసిపోతుంది.

కింద కుళాయి, పైన పొర్లు

టబ్బు అడుగు నుంచి అంగుళం ఎత్తులో అరంగుళం ట్యాంక్ నిపుల్ బిగించండి. వాషరు లోపలి వైపు ఒకటి, బయట ఒకటి. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి, దానికి బాల్ వాల్వ్. టబ్బు పక్క కాస్త వంపుగా ఉంటే వాషరు సరిగ్గా కూర్చోదు, బల్లపరుపుగా ఉన్న చోటు వెతుక్కోండి. మొక్కల కుండీల అడుగుకు సమానంగా పక్కన మరో చిన్న రంధ్రం చేసి, దోమలు దూరని సన్నటి మెష్ అంటించండి. వాన పడి టబ్బు నిండిపోతే అదనపు నీళ్లు అందులోంచి పోతాయి. మెష్ చిన్న విషయం కాదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలా కదలకుండా నిలిచిన శుభ్రమైన నీటిలోనే.

గాలికి అక్వేరియం పంపు చాలు. రెండు నాజిళ్లున్నది తీసుకుని రెండు గాలి రాళ్లు వేయండి. ఒకటి మూసుకుపోయినా రెండోది పనిచేస్తుంటుంది. పంపును నీటి మట్టం కన్నా ఎత్తులో గోడకు తగిలించండి, ట్యూబుకు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి వెనక్కి పాకి పంపులోకి దిగుతాయి. ప్లగ్గు వానకు తడవని చోట ఉండాలి. వైరు సాకెట్‌కు చేరే ముందు కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా వదిలితే, వైరు వెంట జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మేడ మీద లైనుకు, షాక్ కొట్టే ప్రమాదం వస్తే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించాకే పంపు పెట్టండి.

ఇప్పుడు టబ్బు నిండా మామూలు నీళ్లు పోసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి నిపుల్ కింద కడప బండ పొడిగా ఉంటే ముందుకు వెళ్లొచ్చు.

జాలి: నిలువు పందిరి

మనకు పందిరి అంటే తల మీద అడ్డంగా ఉండేది. మేడ మీద అంత చోటు, నాలుగు గుంజలు ఎక్కడివి? అదే పందిరిని నిలబెడితే జాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు రెండు కీరదోస మొక్కలకు సరిపోతుంది.

జాలిని టబ్బుకు కట్టకండి, మూతకు అసలే వద్దు. ఆకులు కమ్మాక జాలి తెరచాపలా గాలి పట్టుకుంటుంది. ఈదురుగాలికి జాలి ఊగితే దానితో పాటు టబ్బూ ఊగుతుంది, బరువు కన్నా ఈ ఊపే ప్రమాదం. విడిగా నిలబెట్టండి. ఇరవై లీటర్ల ఖాళీ పెయింటు బకెట్లు రెండు తెచ్చి, ఒక్కోదాన్లో మధ్యన అడుగున్నర పొడవు పైపు ముక్క నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోయండి. ఒక్కో బకెట్ నలభై కిలోలు దాటుతుంది కాబట్టి మేడ మీదకు తీసుకెళ్లాకే పోసుకోండి. ఈ ముక్కలోకి జాలి ఫ్రేము కాలు దూరాలి. రెండు సైజుల పైపులూ కొట్లోనే ఒకదాన్లో ఒకటి దూర్చి చూసుకుని కొనండి. ఫ్రేముకు సన్నటి పీవీసీ పైపైతే వంగుతుంది. అంగుళంపావు పైపు గానీ, గట్టి వెదురు గానీ వాడండి. పైన అడ్డ కర్ర, కింద అడ్డ కర్ర, రెండు మూలల నుంచి పిట్టగోడకు నైలాన్ తాడు.

ఫ్రేము పూర్తిగా నిటారుగా కాకుండా పై అంచు గోడ వైపు అర అడుగు వాలేలా తాళ్లు సర్దండి. ఆకులు ఎండ వైపు పరుచుకుంటాయి, కాయలు జాలి సందుల్లోంచి వెనక నీడలోకి వేలాడతాయి. కోసేటప్పుడు ఆకుల్లో వెతుక్కునే పని ఉండదు.

జాలి కన్ను ఆరంగుళాలు ఉండాలి. తీగ కూరగాయల కోసం అమ్మే నైలాన్ జాలి ఈ కొలతలో దొరుకుతుంది. చిన్న కన్ను జాలి, పిట్టలు రాకుండా కట్టే వలలాంటిది, తెచ్చుకుంటే పిందె ఆ కన్నులోకి దూరి అక్కడే లావెక్కి, నడుము బిగించినట్టు నొక్కుకుపోతుంది. జనపనార తాడుతో అల్లినది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాపు మధ్యలో కుళ్లి తెగుతుంది. జాలిని నల్ల కేబుల్ టైలతో నాలుగు వైపులా బిగించండి. తెల్ల టైలు ఎండకు పెళుసెక్కి విరుగుతాయి.

నారు పెట్టక ముందే జాలి నిలబడి ఉండాలి. ‘మొక్క ఎదిగాక కడదాంలే’ అనుకుంటే, ఎదిగిన తీగ టబ్బు పక్కనుంచి నేల మీదకు వాలి ఉంటుంది. దాన్ని లేపి కట్టేటప్పుడు సగం విరుగుతుంది.

నీళ్లు, ఎరువు

మున్సిపాలిటీ నీళ్లైతే బకెట్లో ఒక రోజు నిలవ ఉంచండి. బోరు నీళ్లైతే ముందు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి చూడండి. అయిదు వందలు దాటితే వాన నీళ్లో, ఆర్‌వో మంచి నీళ్లో సగానికి సగం కలపండి. ఆర్‌వో యంత్రం బయటికి వదిలే వృథా నీళ్లు వద్దు, ఉప్పు ఉండేది వాటిలోనే.

ఎరువుల కొట్టుకు వెళ్తే చాలాచోట్ల నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 చేతిలో పెడతారు. మట్టిలో మొక్కలకు అది సరే. టబ్బులో పనికిరాదు. దాన్లో కాల్షియం ఉండదు, నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. యూరియాను మొక్కకు పనికొచ్చేలా మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నంతగా మన టబ్బు నీటిలో ఉండవు.

హైడ్రోపోనిక్స్ (మట్టి లేని సేద్యం) కోసం ‘ఎ’, ‘బి’ అని రెండు సీసాలుగా అమ్మే ద్రావణాలు కొనుక్కుంటే తలనొప్పి లేదు. సొంతంగా కలుపుకునేవారికి నేను వాడే కొలత, 50 లీటర్ల నీటికి:

కాల్షియం నైట్రేట్ 45 గ్రాములు
పొటాషియం నైట్రేట్ (13:0:45) 20 గ్రాములు
మోనో పొటాషియం ఫాస్ఫేట్ (0:52:34) 10 గ్రాములు
మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రాములు
చిలేటెడ్ మైక్రోన్యూట్రియంట్ల (ఇనుము, జింకు లాంటి సూక్ష్మపోషకాల) మిశ్రమం, హైడ్రోపోనిక్స్‌కు ప్యాకెట్ మీద రాసినంత

కాల్షియం నైట్రేట్‌లో బోరాన్ కలిపినది కూడా దొరుకుతుంది, అది వద్దు. మైక్రో మిశ్రమంలో బోరాన్ ఎలాగూ ఉంటుంది, రెండుసార్లు పడితే ఆకుల అంచులు మాడతాయి. నారు పెట్టిన మొదటి రెండు వారాలు ఈ కొలతల్లో సగమే వేయండి.

ఒక్కో ఎరువునూ వేరే మగ్గులో కరిగించాలి. ముందు కాల్షియం తప్ప మిగతా మూడూ ఒకదాని తర్వాత ఒకటి టబ్బులో పోసి కలిపి, మైక్రో వేసి, చివర్న కాల్షియం. చిక్కటి కాల్షియం ద్రావణం ఫాస్ఫేటుతో, సల్ఫేటుతో నేరుగా కలిస్తే సున్నం నీళ్లలా తెల్లబడి అడుగున పేరుకుంటుంది. అది ఇక మొక్కకు అందదు.

పీహెచ్ (నీటి పులుపు కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. మన నీళ్లతో మామూలుగా ఏడు పైనే ఉంటుంది కాబట్టి తగ్గించాలి. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన ‘పీహెచ్ డౌన్’ కొన్ని చుక్కలు మగ్గు నీటిలో వేసి, ఆ నీటిని కిటికీలోంచి పోయండి. ఆమ్లాన్ని నీటిలో వేయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు. నిమ్మరసంతో కూడా దిగుతుంది, కానీ రెండు రోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. బ్యాటరీ యాసిడ్, బాత్రూం యాసిడ్ తిండి మొక్కల దగ్గరికి రానీయకండి.

ఒక పక్క మాట. ఇన్ని మీటర్లు, సీసాలు చూసి ఇదంతా కొత్తగా వచ్చిన వింత అనుకుంటారు గానీ, 1946లోనే జేమ్స్ షోల్టో డగ్లస్ అనే ఆయన బెంగాల్ కొండల్లోని కాలింపాంగ్‌లో పంపులూ కరెంటూ లేకుండా రాళ్ల ముక్కల్లో, ఎరువు పొడితో మట్టి లేని సేద్యం చేసి చూపించారు. మనకు పంపు కావాల్సింది మొక్క వేళ్లను నీటిలో పెడుతున్నందుకు, ఎండ ఎక్కువైనందుకు.

నారు నుంచి జాలి దాకా

విత్తనం కొనేటప్పుడు ఒక్క సంగతి చూడండి. మీ మేడ మీదకు తేనెటీగలు వస్తాయా? వస్తే మామూలు కీరదోస చాలు. పదో అంతస్తు బాల్కనీ అయితే పరాగసంపర్కం లేకుండానే కాసే పార్థెనోకార్పిక్ రకం తీసుకోండి, ధర ఎక్కువే. లేదంటే పొద్దున్నే మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు అద్దాలి. వెనక బుల్లి పిందె ఉన్నది ఆడ పువ్వు, సన్నటి కాడే ఉన్నది మగది. మొదట్లో వచ్చేవి మగ పువ్వులే, ‘పూత రాలిపోతోంది’ అని టెన్షన్ పడక్కర్లేదు.

తడి కోకోపీట్‌లో విత్తితే నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. రెండు అసలు ఆకులు వచ్చాక, సుమారు రెండు వారాలకు, వేళ్లకు అంటిన పీట్‌తో సహా జాలీ కుండీలో పెట్టి చుట్టూ కడిగిన క్లే బాల్స్ (కాల్చిన మట్టి గుళికలు) నింపండి. మొదట నీళ్లు కుండీ అడుగును తాకాలి. వేళ్లు కిందికి జారాక, పది పన్నెండు రోజులకు, మట్టం రెండు అంగుళాలు దించేయండి. కుండీకీ నీటికీ మధ్య ఆ ఖాళీలో ఉన్న వేళ్లు గాలి పీలుస్తాయి. కరెంటు కొన్ని గంటలు పోయినా మొక్క తట్టుకునేది వాటి వల్లే. ఆ తర్వాత పొరపాటున కూడా కుండీ అడుగు దాకా నింపి వదిలేయకండి, గాలి వేళ్లు మునిగి చస్తాయి.

తీగ అడుగు ఎత్తు వచ్చేదాకా పక్క కొమ్మలు, పూత గిల్లేయండి. పాత నూలు చీర చింపిన పేలికతో ఎనిమిది అంకె ఆకారంలో, ఒక చుట్టు జాలికి, ఒక చుట్టు తీగకు వదులుగా కట్టండి. తర్వాత నులితీగలే దారి చూసుకుంటాయి. మీరు చేయాల్సింది దారి తప్పిన కొసను మెల్లగా జాలి వైపు తిప్పడం, అది కూడా మధ్యాహ్నం దాటాక. పొద్దున్న తీగలు నీళ్లు పట్టి పెళుసుగా ఉంటాయి, కొంచెం వంచినా విరుగుతాయి. తీగను జాలి కన్నుల్లోంచి ముందుకూ వెనక్కూ అల్లాలనిపిస్తుంది. అల్లకండి, ముందు వైపే ఎక్కనివ్వండి. తెగులు పట్టిన కొమ్మ తీయాలన్నా, పంటయ్యాక జాలి విప్పాలన్నా అప్పుడే సులువు. కొస పైకి చేరితే అడ్డ కర్ర మీదుగా వెనక్కి వంచి కిందికి వదలండి.

రోజూ అయిదు నిమిషాలు

పొద్దున్న పుల్ల మట్టం చూడండి, పంపు మీద చెయ్యి పెట్టి కంపిస్తోందో లేదో చూడండి. రెండు రోజులకోసారి కిటికీలోంచి ఈసీ (నీటిలో ఎరువు ఎంత కరిగి ఉందో చెప్పే కొలత), పీహెచ్ కొలవండి. కాపు మీద ఈసీ 2 దగ్గర ఉండాలి. మట్టం తగ్గి ఈసీ పెరిగిందంటే మొక్క ఎరువు కన్నా నీళ్లు ఎక్కువ తాగుతోంది, ఉత్త నీళ్లు పోయండి. మట్టంతో పాటు ఈసీ కూడా తగ్గితే ఆకలి మీదుంది, సగం బలం ఎరువు నీళ్లు పోయండి. ఎండ రోజుల్లో మొదటిదే ఎక్కువగా జరుగుతుంది, తెలియక మళ్లీ మళ్లీ ఎరువు నీళ్లే పోసి ఆకులు మాడ్చుకుంటారు.

రెండు మూడు వారాలకోసారి సాయంత్రం కుళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేసి, వెంటనే కిటికీలోంచి కొత్తవి నింపండి. పాత నీళ్లు కరివేపాకుకో, మందారానికో పోయండి.

నీళ్లు 28 డిగ్రీలు దాటుతుంటే టబ్బు చుట్టూ థర్మోకోల్ షీటు కట్టండి, దాని మీద తడి గోనెసంచి, పైన 50 శాతం షేడ్ నెట్. గడ్డకట్టిన లీటరు బాటిల్ 50 లీటర్ల నీటిని సుమారు రెండు డిగ్రీలే దించుతుంది, కాబట్టి అదొక్కటే నమ్ముకోవద్దు. కిటికీలో వాసన చూడడం అలవాటు చేసుకోండి. మంచి వేరు వాసన తడి మట్టిలా ఉంటుంది. మురుగు వాసన వస్తే వేళ్లు గోధుమ రంగుకు తిరిగి జిగటగా ఉన్నాయని అర్థం. ఆ రోజే నీళ్లు మార్చి, రెండు గాలి రాళ్లూ సరిగ్గా బుడగలు వదులుతున్నాయో చూడండి. ఆకుల మీద తెల్లదోమకో, పేనుబంకకో వేపనూనె కొట్టేటప్పుడు మూత మీద పాత గుడ్డ కప్పండి, నూనె టబ్బులోకి జారకూడదు.

విత్తిన యాభై రోజులకు కాస్త అటూ ఇటూగా కోత మొదలవుతుంది. లేతగా ఉండగానే, రెండు రోజులకోసారి కత్తెరతో కోయండి. ఒక్క కాయ ముదిరి పసుపు తిరిగినా కొత్త పిందెలు నిలవడం తగ్గుతుంది.

ఆకులు కింద నుంచి ఎండుతూ కాపు తగ్గిపోయాక మొక్కను మొదలు దగ్గర కత్తిరించి, తీగ జాలి మీదే మూడు రోజులు ఎండనివ్వండి. నులితీగలు వదులై దులిపితే రాలిపోతాయి. కుళాయి తిప్పి నీళ్లు వదిలేయండి. ఇప్పుడు మూత తీయండి. వేళ్లు టబ్బు ఆకారంలో తెల్లటి జడలా లేచి వస్తాయి. ఎం-సీల్ ఊడకుండా మూతను పక్కన పెట్టి, టబ్బును, గాలి రాళ్లను కొద్దిగా బ్లీచింగ్ కలిపిన నీటితో కడిగి, రెండుసార్లు మంచి నీళ్లతో జాడించి, రెండు రోజులు ఎండలో బోర్లించండి.